టెట్‌కి బట్టీ పట్టిన పియాజే గేమ్ డిజైన్‌లో పనికొస్తాడా?

ప్రశ్న: మాది గుంటూరు. బీఈడీ చేశాను, టెట్ క్వాలిఫై అయ్యాను, ఏడాదిగా ఒక ప్లేస్కూల్లో చెబుతున్నాను. చిన్నపిల్లలకి గేమ్స్ డిజైన్ చేయాలని ఉంది, కోడింగ్ మాత్రం రాదు. "డీఎస్సీ మానేసి ఈ ఆటలేంటి" అని ఇంట్లో గొడవ. నా చదువు దీనికి పనికిరాదా?

జవాబు: ఎందుకు పనికిరాదమ్మా! కోడింగ్ వచ్చిన కుర్రాళ్లు మన విజయవాడ, గుంటూరు కాలేజీల నుంచి ఏటా బోలెడంతమంది వస్తున్నారు, ఐదేళ్ల పిల్ల ఆటలో ఎక్కడ ఆగిపోయిందో, ఎందుకు ఆగిందో చెప్పేవాళ్లే తక్కువ.

టెట్‌లో 30 మార్కుల కోసం, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన మనస్తత్వవేత్త పియాజే పేరుతో పూర్వ ప్రచాలక దశ (సుమారు రెండు నుంచి ఏడేళ్ల వయసు), పదిలపరచుకొనే భావన (ఎలా పేర్చినా సంఖ్య మారదని తెలియడం) అని చదివావు కదా, దాన్ని ఒకసారి నేలమీద పెట్టి చూడు. ఐదు చింతపిక్కలు దగ్గరగా ఒక వరుస, ఇంకో ఐదు ఎడంగా ఒక వరుస పేర్చి ఏవి ఎక్కువ అని నాలుగేళ్లవాణ్ణి అడిగితే చాలామంది పొడుగు వరుసే చూపిస్తారు. అలాంటి పిల్లాడికి గెలిచిన నాణేలు స్క్రీన్ నిండా పరిచి చూపిస్తే నాలుగొచ్చినా పది వచ్చినంత సంబరం, పక్కవాడి పది కుప్పగా ఉంటే వాడు ఓడిపోయాడనుకుంటాడు. ఇది ప్రోగ్రామర్‌కి తట్టదు, నీకు తట్టాలి.

మార్కెట్లో ఉన్న లెక్కల గేములు చాలావరకు నాకు నచ్చవు. కూడిక చేస్తేనే ఎలుగుబంటి దూకుతుందట, అది ఆట కాదు, ఎలుగుబంటి బొమ్మేసిన స్లిప్ టెస్టు. అదే వామనగుంటలు చూడు, పిక్కలు తీసి గుంటకొకటి పంచడమే ఆట, లెక్కపెట్టడమూ అదే. మా మేనకోడలు మొదట్లో ఒక్కో పిక్కా వేలితో తాకుతూ లెక్కపెట్టేది, కొన్నాళ్లకి గుంటవైపు ఓరగా చూసి "ఇది తీస్తే నీ వైపు దాకా వస్తుంది అత్తా" అనడం మొదలుపెట్టింది, ఎవరూ నేర్పలేదు. అమెరికాలో సీగ్లర్, రమణి అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం కూడా నీకు పనికొస్తుంది. 1 నుంచి 10 దాకా అంకెలున్న బోర్డు మీద అంకెలు పైకి చెబుతూ గడులు జరిపిన పేద పిల్లలకి సంఖ్యల మీద పట్టు పెరిగింది, అలాంటి బోర్డే అంకెలకి బదులు రంగులతో ఆడినవాళ్లకి పెరగలేదు. అంటే బోర్డు ఉంటే సరిపోదు, పిల్ల చేయీ నోరూ ఏం చేస్తున్నాయన్నది ముఖ్యం.

ఇక పని సంగతి. ఈ నెల అట్టముక్క మీద ఒక ఆట గీసి మీ క్లాసులో ఆరుగురితో ఆడించు. నువ్వు మాట్లాడకూడదు, ఇదే కష్టం, టీచర్లం కదా నోరు ఊరుకోదు. ఎవరు ఎక్కడ దిక్కులు చూశారో, ఎంత చిన్న సాయం అందిస్తే ముందుకెళ్లారో రాసుకో, పెద్దల చిన్న సాయంతో పిల్లలు ఇంకాస్త ముందుకెళ్తారని మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ చెప్పింది అదే కదా. తర్వాత రెండో వెర్షన్, మూడోది. ఈ నోట్సే నీ పోర్ట్‌ఫోలియో. డిజిటల్‌గా కావాలంటే అమెరికాలోని ఎంఐటీలో పుట్టిన స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ టూల్ ఉంది, ఉచితం, బ్లాకులు జతచేస్తూ పోవడమే.

కోర్సు కావాలంటే ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఎండిజైన్ అనే పీజీ కోర్సు ఉంది, గాంధీనగర్‌లో టాయ్ అండ్ గేమ్ డిజైన్, బెంగళూరులో డిజిటల్ గేమ్ డిజైన్. రెండింటికీ డ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. నీ డిగ్రీకీ వయసుకీ అర్హత ఉందో లేదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టు.

డీఎస్సీ మానేయమని నేను చెప్పను. ఈ ఉద్యోగాల కోసం హైదరాబాదో బెంగళూరో వెళ్లాల్సి రావచ్చు, ఈలోగా జీతం రావాలి కదా. పైగా జాతీయ విద్యా విధానం 2020 వచ్చాక మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి ఆటలతోనే చదువు అంటున్నారు, ఇప్పటిలా ప్లేస్కూల్లో చెబుతున్నా నీ ఆటల్ని ఆడేవాళ్లు రోజూ ఎదురుగానే కూర్చుంటారు. ఇంట్లోవాళ్లతో వాదించకు, ఆదివారం మీ నాన్నగారిని కూర్చోబెట్టి ఆ అట్టముక్క ఆట ఒకసారి ఆడించు.