పది రోజులకే తిరిగి ఇచ్చెయ్యకు

తమ్ముడూ, షెల్టర్ నుంచి మూడేళ్ల కుక్కని తెచ్చి పది రోజులైందనీ, చెప్పులన్నీ కొరికేసి రాత్రంతా గేటు దగ్గరే తిరుగుతోందనీ, తిరిగి ఇచ్చెయ్యమని అమ్మ పోరుతోందనీ రాశావు. ఆగు. పెద్ద కుక్కకి కొత్త ఇల్లు అలవాటవడానికి మూడు నెలలైనా పట్టొచ్చు. పది రోజులంటే దానికింకా చుట్టపుచూపే.

మాదీ ఇలాంటిదే. ఎంత పరిగెత్తించినా ఒళ్లు అలిసేది గానీ బుర్ర అలిసేది కాదు. ఇప్పుడు తెల్లారి అయిదింటికే, నేల కాలకముందే, నాగావళి గట్టుకి తీసుకెళ్తున్నా. ముప్పావుగంట దాని ఇష్టమొచ్చినట్టు వాసన చూడనిస్తా. ఇంటికొచ్చి హాయిగా పడుకుంటోంది. మెడపట్టీ బదులు ఛాతీకి కట్టే హార్నెస్ కొను. లాగినప్పుడల్లా ఆగిపో, తాడు వదులయ్యాకే అడుగెయ్యి. మొదటి వారం వీధి చివరికైనా వెళ్లలేవు, చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

తిండి గిన్నెలో పెట్టేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. చపాతీ ముక్కలు, ఉడికిన గుడ్డు పాత తువ్వాల్లో చుట్టి ఇస్తే వెతుక్కుని తింటుంది. ఆ మూట అమ్మ చేత ఇప్పించు, సగం గొడవ తీరుతుంది.

చెప్పులు మాత్రం మీరే లోపల పెట్టుకోవాలి. కొరికిన గంటకి కొడితే ఎందుకో దానికి తెలీదు, నిన్ను చూస్తే భయపడుతుంది, అంతే.

రేబిస్ టీకా కాగితం షెల్టర్‌లో అడిగి తీసుకో. ఇంత హుషారుది ఉన్నట్టుండి నీరసపడితే కుదురుకుందని సంబరపడకు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం కావచ్చు, వెంటనే రక్తపరీక్ష చేయించు.