ఆర్‌ఓవీ కోర్సుకు మూడు లక్షలు కట్టాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. చాలా కాలంగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే ఇంజినీరింగ్‌లో ఈఈఈ మూడో సంవత్సరం చదువుతోంది. సముద్రం అడుగున వాడే లైట్లు, కెమెరాలు, వాటికి కరెంటు అందించే పరికరాల పనిలోకే వెళ్తానని పట్టుబడుతోంది. ఒక శిక్షణ సంస్థ వాళ్లు మూడు లక్షలు కడితే ఆర్‌ఓవీ కోర్సు నేర్పి, విదేశాల్లో ఉద్యోగం ఖాయంగా ఇప్పిస్తామంటున్నారు. కాశిమేడులో పడవల సామాన్ల దుకాణం నడిపే మా బావమరిది మాత్రం, పడవలకు నీటి లైట్లు బిగించే పనికి మంచి గిరాకీ ఉందని, చదువు కాగానే తనతో చేరమని అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి కోరుకున్న రంగం నిజంగా ఉన్నదే, పైగా దానికి మీరుంటున్న ఊరికంటే అనువైన చోటు దేశంలో అరుదు. అయితే ఆ మూడు లక్షలు ఇప్పుడు కట్టవద్దు. మీ బావమరిది గారి ప్రతిపాదనలో కొంత భాగం మంచిది, కొంత భాగం చట్టానికి విరుద్ధం కావచ్చు. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందుగా ఈ పని ఎలాంటిదో మీకూ అమ్మాయికీ స్పష్టంగా తెలియాలి. ఆర్‌ఓవీ అంటే నౌక మీద కూర్చొని కేబుల్ ద్వారా నడిపే, మనిషి ఎక్కని నీటి అడుగు వాహనం. వీడియోల్లో కనిపించేది దాని కెమెరా తీసిన దృశ్యమే కాబట్టి, పిల్లలు ఇది కెమెరా పని అనో, డైవింగ్ పని అనో అనుకుంటారు. నిజానికి ఈ ఉద్యోగంలో ఎక్కువ సమయం గడిచేది వర్క్‌బెంచి ముందు, కరెంటునూ ఉప్పునీటినీ ఒకదానికొకటి తగలకుండా చూడటంలో. నీటిలో ప్రతి 10 మీటర్లకు దాదాపు ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. 300 మీటర్ల లోతులో ఒక చిన్న లైటు అద్దం మీద కూడా 30 వాతావరణాల ఒత్తిడి ఉంటుంది. డబ్బా మీద ఐపీ68 (దుమ్ము, నీరు చొరబడవని తెలిపే రేటింగు) అని రాసినంత మాత్రాన అది ఆ లోతుకు తట్టుకుంటుందని కాదు. తయారీదారు ఎన్ని మీటర్లకు హామీ ఇచ్చాడన్నదే చూడాలి.

ఆ బెంచి పని ఎంత ఓపికతో కూడుకున్నదో ఒక ఉదాహరణ చెబుతాను. కెమెరా హౌసింగు, అంటే కెమెరా ఉండే నీరు చొరని డబ్బా, మూత బిగించే ముందు ఓ-రింగును (నీటిని ఆపే రబ్బరు వలయాన్ని) ప్లాస్టిక్ పుల్లతో పైకి తీయాలి. స్క్రూడ్రైవరు వాడితే గాడి మీద గీత పడి, ఆ గీత వెంబడే నీరు లోపలికి దిగుతుంది. గాడిని పోగులు రాలని గుడ్డతో తుడిచి, రింగును వెలుతురులో తిప్పి చూసి, దానికి సరిపడే గ్రీజును పలుచగా రాయాలి. సిలికాన్ రింగుకు సిలికాన్ గ్రీజు రాస్తే అది ఉబ్బి పాడవుతుందని తెలియనివారు ఈ పనిలో కూడా కొందరున్నారు. ఒక్క వెంట్రుక అడ్డుపడినా లక్షల విలువ చేసే కెమెరా పోతుంది. మూత బిగించాక లోపలి గాలిని చేతిపంపుతో లాగి, గేజి ముల్లు కొంతసేపు కదలకుండా నిలిస్తేనే నీటిలోకి దించుతారు. ఇది మీ అమ్మాయికి విసుగు పుట్టిస్తుందా, ఆసక్తి కలిగిస్తుందా అన్నది ఇంట్లో మాట్లాడుకోండి, ఎందుకంటే ఈ రంగానికి ఆమె తగునో కాదో మార్కుల కంటే ఇదే బాగా చెబుతుంది.

ఈఈఈ చదువు ఇక్కడ వృథా పోదు, సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది. నీటి అడుగున 240 వాట్ల లైట్లు ఉన్నాయనుకోండి. వాటికి పైనుంచి 24 వోల్టుల బ్యాటరీతో 100 మీటర్ల కేబుల్ ద్వారా కరెంటు పంపాలంటే 10 ఆంపియర్లు కావాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రానుపోను 200 మీటర్లకు సుమారు 1.5 ఓమ్‌ల నిరోధం చూపుతుంది కాబట్టి, 15 వోల్టులు తీగలోనే పోతాయి. అంటే ఆ లైటు పూర్తి వెలుగు ఇవ్వదు. అదే శక్తిని 300 వోల్టుల డీసీగా పంపి కింద కన్వర్టరుతో తగ్గిస్తే, ఆంపియరు కూడా దాటదు, నష్టం వోల్టున్నర లోపే ఉంటుంది. కానీ నీటిలో 300 వోల్టులంటే ఇన్సులేషన్ పర్యవేక్షణ, లీకేజీని పసిగట్టి సరఫరా ఆపే ఏర్పాటు, ప్రతి దించుడుకూ ముందు మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరంతో) పరీక్ష తప్పనిసరి. ఈ లెక్క వేయగలిగి, కనెక్టరును చేతులతో క్రింప్ చేసి ఎపాక్సీ పోయగలిగిన ఇంజినీరు కంపెనీలకు సులభంగా దొరకరు.

కెమెరా వైపు కూడా కొంత భౌతికశాస్త్రం తెలియాలి. నీరు ఎరుపు రంగును ముందుగా మింగేస్తుంది, అందుకే కొద్ది మీటర్ల లోతుకే అన్నీ నీలిపచ్చగా కనిపిస్తాయి. చెన్నై తీరంలో వానాకాలపు నీరు బురదగా ఉంటుంది. అలాంటప్పుడు లైటును లెన్సు పక్కనే పెడితే, భోగి పొద్దున పొగలో బండి హైబీమ్ వేసినట్లు తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. అందుకే లైట్లను లెన్సుకు దూరంగా, పక్కల నుంచి పడేలా అమరుస్తారు. చదునైన అద్దం వెనుక నుంచి తీస్తే వస్తువు దాదాపు మూడోవంతు పెద్దదిగా కనిపిస్తుందని కూడా తెలిసి ఉండాలి, లేకపోతే వంతెన స్తంభం మీది పగులు కొలత తప్పుగా రాస్తారు.

ఉద్యోగాలు ఎక్కడున్నాయంటే, చెన్నైలోని పళ్లికరణైలో 1993లో ఏర్పడిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, అంటే ఎన్‌ఐఓటీ, ముగ్గురిని 6000 మీటర్ల లోతుకు తీసుకెళ్లేలా మత్స్య 6000 అనే జలాంతర వాహనాన్ని రూపొందిస్తోంది. అక్కడ ప్రాజెక్టు పోస్టులకు ప్రకటనలు వస్తుంటాయి. అవి ఒప్పంద ఉద్యోగాలు, శాశ్వతం కావు, అయినా తొలి రెండు మూడేళ్లకు అంతకు మించిన శిక్షణ ఉండదని నా అభిప్రాయం. ఐఐటీ మద్రాసు నుంచి పుట్టిన ప్లానిస్ వంటి సంస్థలు రేవులు, ఆనకట్టలు, వంతెనల నీటి అడుగు తనిఖీ చేస్తాయి. 2021 ఆనకట్టల భద్రతా చట్టం వచ్చాక ఆనకట్టల తనిఖీ మీద శ్రద్ధ పెరిగింది. ఆంధ్రలోనే ఉండాలనుకుంటే కాకినాడ తీరంలోని చమురు, గ్యాస్ క్షేత్రాలు, విశాఖలో నౌకాదళానికి పరిశోధన చేసే ఎన్‌ఎస్‌టీఎల్ ఉన్నాయి. నౌకల మీదే పనిచేయాలనిపిస్తే, నౌకలోని విద్యుత్ పరికరాలు చూసుకునే ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ దారి వేరే ఉంది. దానికి కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగమైన డీజీ షిప్పింగ్ ఆమోదించిన కోర్సు చేయాలి, వైద్యపరీక్షలో రంగులు గుర్తించే చూపు కూడా చూస్తారు కాబట్టి ఆ పరీక్ష ముందే చేయించండి. ఆఫ్‌షోర్ నౌకల్లో స్త్రీలు ఇంకా తక్కువే. కనుక ఉద్యోగం ఒప్పుకునే ముందు వసతి గురించి నేరుగా అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇక ఆ కోర్సు సంగతి. ఆర్‌ఓవీ నడిపే కంపెనీలు ముందు అడిగేది ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ లేదా హైడ్రాలిక్స్ పట్టు, ఆ తరువాత పని అనుభవం. సర్టిఫికెట్ వాటికి తోడు మాత్రమే. ఆఫ్‌షోర్ ఉద్యోగం ఖాయమయ్యే దశలో సముద్ర భద్రతా శిక్షణ అవసరమవుతుంది, తనిఖీ సర్టిఫికెట్లు ఇంకా తరువాతి మాట. నౌక ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెన్సీకి డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ (నావికుల నియామక సేవల) లైసెన్సు ఉండాలి, ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర అది రుసుము తీసుకోకూడదు. ఆ సంస్థను లైసెన్సు నంబరు అడగండి, గత ఏడాది చదివినవారిలో ఎవరు ఏ నౌకలో చేరారో రాతపూర్వకంగా ఇమ్మనండి. మాట దాటవేస్తే మళ్లీ ఫోను చేయకండి.

మీ బావమరిది గారి విషయానికి వస్తే, చేపలను ఆకర్షించడానికి ఎల్‌ఈడీ లైట్లు వాడి వేటాడటాన్ని కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరులో మన ఈఈజెడ్‌లో, అంటే మన దేశానికి ఆర్థిక హక్కులున్న సముద్ర ప్రాంతంలో, నిషేధించింది. ఆయన చెప్పే గిరాకీ ఆ వేట కోసమైతే, అందులో అమ్మాయి చేయి పెట్టకూడదు. నావిగేషన్ లైట్లు, పడవ అడుగున చేరిన నీటిని తోడే బిల్జ్ పంపులు, బ్యాటరీ ఛార్జింగు, తుప్పు ఆపే జింకు ముక్కల వంటి పనులైతే మాత్రం సెలవుల్లో ఆయన దుకాణంలో కూర్చోవడం ఎంతో మేలు. ఉప్పుగాలికి తీగలు పచ్చగా చిలుము పట్టి లోపలికంతా పాకడం కళ్లతో చూసినవారికి, పడవల్లో తగరం పూసిన రాగి తీగ ఎందుకు వాడతారో ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు.

ఇప్పుడు చేయవలసినది చివరి సంవత్సరం ప్రాజెక్టును ఈ అంశం మీదే పెట్టుకోవడం. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో దొరికే ఎల్‌ఈడీలు, కన్వర్టర్లతో ఒక చిన్న లైటు, కెమెరా జత తయారు చేసి, 30 మీటర్ల కేబుల్ మీద నడిపి, రోజుల తరబడి ఉప్పునీటి తొట్టిలో ఉంచి, ప్రతిరోజూ ఇన్సులేషన్ రీడింగు రాసుకోమనండి. రీడింగు పడిపోయిన రోజు హౌసింగు విప్పి నీరు ఎటునుంచి వచ్చిందో ఫోటోతో సహా నమోదు చేయాలి. ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నకైనా ఆ నోట్‌బుక్కే ఆధారమవుతుంది. మీ కళాశాలలో ప్రాజెక్టు అంశం ఖరారు చేసే గడువు ఎప్పుడో కనుక్కొని, దానికి కనీసం నెల ముందే గైడును కలవమని అమ్మాయికి చెప్పండి.