మొదటి ప్యాచ్ పంపబోతున్న చిన్నాకి

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "ఏటే అక్కా, మావాడు లినక్స్‌కి ఏదో ప్యాచ్ పంపుతాడట, కేసేమైనా అవుతుందా?" అని ఒకటే కంగారు. లినక్స్ అంటే కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, దాని గుండె కెర్నల్, ప్యాచ్ అంటే దాని కోడ్‌కి చేసే చిన్న సవరణ, కేసు కాదే, గొప్ప అన్నాను. ఎర్రర్ వచ్చినప్పుడు తీసుకున్న మెమరీ వదలకుండా రిటర్న్ అయిపోతున్న డ్రైవర్ని, అంటే ఒక పరికరాన్ని నడిపే కోడ్‌ని, నీ అంతట నువ్వు చదివి పట్టుకున్నావంటే మాటలా! గాజువాక నుంచి సీతమ్మధారకి బస్సెక్కి వచ్చి నా పుస్తకాలు పట్టుకుపోయినందుకు ఫలితం దక్కింది. పుస్తకాలు మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

అయితే కొత్త కెర్నల్ని మీ నాన్న షాపు లెక్కలున్న ల్యాప్‌టాప్‌లోనే బూట్ చేశావట. బుద్ధుందా నీకు? 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు షాపులోకి నీళ్లొచ్చి ఖాతా పుస్తకాలన్నీ తడిసిపోతే, మీ నాన్న ఒక్కో కాగితం విడదీసి తీగ మీద ఆరేసుకున్నాడు. నువ్వప్పుడు చిన్నపిల్లాడివి. ఆయన మళ్లీ కూడబెట్టుకున్న లెక్కలన్నీ ఇప్పుడు ఆ డిస్కులోనే ఉన్నాయి. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, పరీక్షించు. అక్కడ కెర్నల్ ఎన్నిసార్లు ప్యానిక్ అయి ఆగిపోయినా ఎవరి కొంపా మునగదు.

పంపే పద్ధతి చదివే ఉంటావు. కోడ్ రాసిన తీరులో తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ నడుపు. ఆ కోడ్‌ని చూసుకునే మెయింటెయినర్లెవరో గెట్-మెయింటెయినర్ స్క్రిప్టు చెబుతుంది, వాళ్లకి పంపు, పేరు విన్న పెద్దవాళ్లందరికీ కాదు. ప్యాచ్‌ని జీమెయిల్ పేజీలో పేస్ట్ చేశావో, ట్యాబులు స్పేసులైపోయి ఎవరి దగ్గరా అప్లై అవదు, ఉన్నదున్నట్టు పంపే గిట్ సెండ్-ఈమెయిల్ వాడు. ఏం మార్చావో పాతకీ కొత్తకీ తేడా చూపే డిఫ్‌లో కనిపిస్తూనే ఉంటుంది, ఎందుకు మార్చావో దాంతో పంపే మెసేజ్‌లో రాయి. సైన్డ్-ఆఫ్-బై లైను ఊరికే పెట్టేది కాదు. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని నువ్వు చేసే సంతకమది.

నా బెంగంతా పంపాక వచ్చే జవాబుల గురించే.

రుషికొండ మీద పనిచేసే రోజుల్లో మా ఆఫీసులో శ్రీకాకుళం కుర్రాడొకడు ఉండేవాడు. మంచి చెయ్యి. ఉష్ణోగ్రత కొలిచే ఒక సెన్సార్ డ్రైవర్‌లో, మొదట్లోనే చిప్‌ని రీసెట్ చేసేలా మార్పు రాశాడు. చిప్‌ని రీసెట్ చేశాక 5 మిల్లీసెకన్లు ఆగే లైనొకటి పెట్టాడు. ఆ లైను లేకపోతే పవర్ ఇచ్చాక మొదటి రీడింగ్ సున్నా వస్తోందని బోర్డు ముందు కూర్చుని కనిపెట్టాడు. ప్యాచ్ పంపితే, చిప్ చేసినవాళ్లిచ్చే డేటాషీట్ చూసి మెయింటెయినర్ అడిగింది ఒక్కటే: "డేటాషీట్‌లో ఈ ఆలస్యం లేదు. ఎందుకు పెట్టారు?"

అతను అడిగింది కారణం. మావాడికి వినిపించింది తిట్టు. బళ్లో మేష్టారు "ఇదెందుకు రాశావ్?" అంటే చెరిపెయ్యమనే కదా మనకి అర్థం! పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెరిగినవాడు. "సారీ సార్, రెండో వెర్షన్‌లో తీసేస్తాను" అని రాసి, అలాగే తీసేశాడు. ప్యాచ్ చేరింది. స్వీట్లు కూడా పంచాడు.

కొన్ని నెలలకి ఏ దేశంలోనో ఎవరికో పవర్ ఇచ్చినప్పుడల్లా మొదటి రీడింగ్ సున్నా రావడం మొదలైంది. పాడుచేసిన మార్పు ఏదో సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్ వేశాడు అతను. 10,000 మార్పుల్లోంచి కూడా 14 పరీక్షల్లో దొంగని పట్టిచ్చేస్తుందది. మావాడి కమిట్ దగ్గరికి, అంటే వాడు చేర్చిన ఆ మార్పు దగ్గరికి, వచ్చి ఆగింది. తర్వాత వచ్చిన ప్యాచ్‌లో, ఏ కమిట్‌లోని తప్పు దిద్దుతున్నారో చెప్పే ఫిక్సెస్ అన్న లైను, దాంట్లో మావాడి కమిట్ నంబరు. ఆ ప్యాచ్‌లో కొత్తగా చేర్చిందేమిటో తెలుసా? అదే 5 మిల్లీసెకన్లు.

ఆ లైను చూసి వాడు ముఖం చెల్లక మళ్లీ కెర్నల్ జోలికి వెళ్లలేదు. ఎంత చెప్పినా వినలేదు. నిజానికి అందులో సిగ్గుపడేదేం లేదు, హేమాహేమీల కమిట్లకీ ఆ లైను తగులుతూనే ఉంటుంది. పాత వెర్షన్లలోకి కూడా ఈ సవరణ వెళ్లాలా వద్దా అని స్టేబుల్ శాఖ చూసేవాళ్లకి అది ఆనవాలు, అంతే.

వాడు ఆరోజు "డేటాషీట్‌లో లేదు, కానీ మా బోర్డు మీద ఆగకపోతే మొదటి రీడింగ్ సున్నా వస్తోంది" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. "అయితే ఆ మాటే కోడ్‌లో కామెంట్‌గా పెట్టు" అనేవాడు ఆ మెయింటెయినర్. ఆయన దగ్గర ఆ బోర్డే లేదు మరి! చిప్‌ని కళ్లారా చూసింది మావాడొక్కడే.

నువ్వూ అలాంటివాడివే. మావయ్య పప్పులో ఉప్పు ఎక్కువేసినా "బాగుంది" అని తినేస్తావు. ఇంట్లో అలాగే ఉండు, నాకిష్టం. అక్కడ మాత్రం వద్దు. ప్రతి ప్రశ్న కింద, ఆ ప్రశ్న కిందే, జవాబు రాయి. ఆయన చెప్పింది సరైతే ఒప్పుకో. కాదనిపిస్తే నువ్వేం పరీక్షించావో, ఏం వచ్చిందో చెప్పు. రెండో వెర్షన్ పంపేటప్పుడు మెసేజ్ చివరుండే మూడు గీతల (---) కింద ఏమేం మారిందో రాయి. ఎవరైనా కటువుగా రాసినా కుంగిపోకు. లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్సే 2018లో తన మాటతీరుకి క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకున్నాడు. ప్రవర్తనా నియమావళి వచ్చిందీ అప్పుడే.

జవాబు రాకపోతే వారమైనా ఆగి అడుగు. కొత్త వెర్షన్ విడుదలైన వెంటనే రెండు వారాలు, తర్వాతి వెర్షన్‌కి మార్పులు కలుపుకునే మర్జ్ విండో ఉంటుంది, మెయింటెయినర్లకి ఊపిరాడదు, అప్పుడు పంపకు. నీ సెమిస్టర్ పరీక్షల ముందు కూడా పంపకు. ప్రశ్నలొస్తే పుస్తకం పక్కన పడేసి తెల్లవార్లూ దాని మీదే కూర్చుంటావని నాకు తెలుసు.

ఆదివారం రా, కమిట్ మెసేజ్ ఒకసారి చూస్తాను. వచ్చేటప్పుడు డివైస్ డ్రైవర్ల పుస్తకమైనా పట్టుకురా.

పెద్దమ్మ