ఆపేసిన ప్లగిన్ కొత్త ల్యాప్‌టాప్‌లో ఎక్కుతుందా?

గాజువాకలో ఇంట్లోనే పాటలు మిక్స్ చేసుకునే మీరు అడిగింది ఇదీ: డబ్బు పెట్టి కొన్న సింథ్‌ని (పాటల సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకుని వాయిద్యాల శబ్దాలు పుట్టించే ప్లగిన్) కంపెనీ ఆపేసింది, త్వరలో విండోస్ ల్యాప్‌టాప్ మార్చాలి, ఆ సింథ్ దక్కుతుందా?

పాత ల్యాప్‌టాప్‌ని కదపనంత కాలం సాధారణంగా ఏమీ కాదు. కొత్తదానికి మార్చేటప్పుడే చిక్కు. ఇన్‌స్టాలర్ మీ దగ్గర ఉండాలి, లైసెన్స్ తాళం తెరుచుకోవాలి, మీ డీఏడబ్ల్యూ, అంటే పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్, ఆ ప్లగిన్ ఫార్మాట్‌ని చదవాలి. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా కొన్నది కొన్నట్టే ఉంటుంది, వాడుకోవడానికి మాత్రం రాదు.

ఇన్‌స్టాలర్ ఈ రోజే దించుకోండి. 2015 జనవరిలో కామెల్ ఆడియో అనే ప్లగిన్ కంపెనీ మూతపడినప్పుడు, కొన్నవాళ్లకి డౌన్‌లోడ్ గడువు ఆ ఏడాది జులై 7 దాకానే ఇచ్చారు. వాళ్ల సింథ్ ఆల్కెమీ తరవాత ఆపిల్ డీఏడబ్ల్యూ అయిన లాజిక్‌లో కలిసిపోయింది. సింథ్‌తోపాటు శాంపిల్ లైబ్రరీ (అది వాడుకునే రికార్డయిన శబ్దాల ఫైళ్లు) కూడా విడిగా దాచాలి. చాలామంది ఇది మర్చిపోతారు, తీరా చూస్తే సింథ్ తెరుచుకుంటుంది, శబ్దం రాదు. మీరు చేసుకున్న ప్రీసెట్లు (సేవ్ చేసుకున్న శబ్దాల సెట్టింగులు) డాక్యుమెంట్స్‌లోనో, ప్రోగ్రామ్‌డేటాలోనో, యాప్‌డేటాలోనో ఉంటాయి. చివరి రెండూ విండోస్ దాచిపెట్టే ఫోల్డర్లు కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేసి వెతకండి.

అసలు కష్టం తాళంతోనే. సీరియల్ నంబరు కొడితే నెట్ లేకుండానే తెరుచుకునే రకమైతే దిగులక్కర్లేదు, ఆ నంబరూ బిల్లూ భద్రం చేసుకోండి. కంపెనీ సర్వర్ని అడిగి తెరుచుకునే రకమైతే, ఆ సర్వర్ ఉన్నంత వరకే కొత్త యాక్టివేషన్. ఇలాంటి అనుమతి చాలావరకు మెషీన్ హార్డ్‌వేర్‌కి ముడిపడి ఉంటుంది. అందుకే డిస్క్‌ని క్లోన్ చేసి వేరే ల్యాప్‌టాప్‌లో పెడితే తాళం ఒప్పుకోదు. సర్వర్ నడుస్తుంటే పాతదాంట్లో డీయాక్టివేట్ చేసి కొత్తదాంట్లో యాక్టివేట్ చేయండి. సర్వర్ పోయుంటే మాత్రం ఆ బటన్ పొరపాటున కూడా నొక్కొద్దు. ఉన్న ఒక్క అనుమతీ పోతుంది, తిరిగి రాదు.

ఐలాక్ అనే లైసెన్స్ పద్ధతి కాస్త నయం. అది నడిపేది పేస్ అనే వేరే సంస్థ కాబట్టి ప్లగిన్ చేసినవాళ్లు మూసేసినా లైసెన్స్ మీ ఖాతాలో నిలుస్తుంది. వీలున్న ప్లగిన్లకి లైసెన్స్‌ని యూఎస్‌బీ కీలోకి మార్చుకోండి, మెషీన్ మారినా కీ వెంట వస్తుంది. ఐలాక్‌లోనే కీ లేకుండా నెట్ ద్వారా లైసెన్స్ చూసుకునే క్లౌడ్ పద్ధతికి నెట్ ఎప్పుడూ ఉండాలి. 2014లో హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటూ నెట్టూ లేకుండా గడిపిన ఊరు మనది, ఆ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. కీ విషయంలోనూ జాగ్రత్త: ఉప్పుగాలికి యూఎస్‌బీ మొన మీద తుప్పు పడుతుంది, పని లేనప్పుడు సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. స్టైన్‌బర్గ్ కంపెనీ పాత యూఎస్‌బీ లైసెన్స్ కీ, ఈలైసెన్సర్ అయితే మరీ భద్రం. ఆ సేవ 2025 మే 20న ఆగిపోయింది, కీలో ఉన్న లైసెన్స్ పనిచేస్తుంది గానీ కీ విరిగితే అంతే సంగతులు.

ఫార్మాట్ సంగతికొస్తే, పాతకాలపు 32 బిట్ ప్లగిన్‌ని విండోస్‌లో రీపర్ అనే డీఏడబ్ల్యూ తనే బ్రిడ్జ్ చేసుకుంటుంది, అంటే 64 బిట్ సాఫ్ట్‌వేర్‌లో నడిపిస్తుంది; క్యూబేస్ లాంటి డీఏడబ్ల్యూలకి జేబ్రిడ్జ్ అనే విడి సాఫ్ట్‌వేర్ కావాలి. మ్యాక్‌కి మారే ఆలోచన ఉంటే మానుకోండి, 2019 నాటి మ్యాక్‌ఓఎస్ కాటలినా నుంచి 32 బిట్ అసలు నడవదు. వీఎస్‌టీ2 అనే పాత ప్లగిన్ ఫార్మాట్ బదులు కొత్తదైన వీఎస్‌టీ3 వేస్తే పాత ప్రాజెక్టు ఒక్కోసారి దాన్ని గుర్తుపట్టదు, ఆటోమేషన్ (పాట నడుస్తుండగా నాబ్‌లు వాటంతటవే కదిలేలా చేసిన రికార్డు) పోతుంది. రెండూ ఉంచండి.

ఇవన్నీ చేసినా ముఖ్యమైన ప్రాజెక్టుల్లో ఆ సింథ్ ఉన్న ప్రతి ట్రాక్‌నీ ఆడియోగా దించి పెట్టండి. పాట మొదటి నుంచీ, చివర రివర్బ్ (ప్రతిధ్వని) తోక పూర్తిగా ఆగేదాకా, ఎఫెక్టులతో ఒకటి, లేకుండా ఒకటి, పక్కనే వాయించిన స్వరాలుండే మిడి ఫైల్. ట్రాక్ పేరులోనే ప్రీసెట్ పేరు రాయండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోలో 4 నిమిషాల ట్రాక్ సుమారు 69 ఎంబీ, అంతే. పాత ల్యాప్‌టాప్‌ని ఎక్స్చేంజ్‌లో ఇవ్వకండి, ఫార్మాట్ చేయకండి. కొత్తదాంట్లో పాత ప్రాజెక్టులు ఒక్కొక్కటే తెరిచి, ఈ ఆడియోతో పక్కపక్కన విని, తేడా లేదని తేలాకే దాని సంగతి చూడండి.