నానో పొరల రీసెర్చ్ అంటోంది మా బిడ్డ, బీఎడ్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మాది నారాయణపేట దగ్గర ఊరు. బిడ్డ మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ ఎంపీసీ ఫైనలియర్. మొన్న వేసవిలో హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రెండు నెలలు ప్రాజెక్టు చేసింది. అప్పటి నుంచి ‘ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తా, ఆరిన నానో పొరల్ని ఎక్స్‌రేలతో చూసే రీసెర్చ్ చేస్తా’ అంటోంది. చుట్టాలేమో బీఎడ్ చేయించమంటున్నారు. ఈ చదువుతో బతుకుదెరువు ఉంటుందా? ఎక్స్‌రేలతో ఆరోగ్యం పాడవదా? ఇదే మా టెన్షన్.

జవాబు: ఎమ్మెస్సీ చేయనివ్వండి. నా సలహా అదే. కారణాలు చెప్పే ముందు, మీ బిడ్డ ఆ ల్యాబ్‌లో ఏం చూసి వచ్చిందో మీకు తెలియాలి.

బల్ల మీద పడ్డ టీ చుక్క ఆరితే మధ్యలో పల్చగా, అంచున ముదురు గీతలా కనిపిస్తుంది. చుక్క అంచు దగ్గర నీరు తొందరగా ఆవిరవుతుంది. ఆ లోటు తీర్చడానికి మధ్యలోని నీరు అంచుకు పారుతూ రేణువుల్ని మోసుకుపోతుంది. షికాగో శాస్త్రవేత్తలు 1997లో నేచర్ పత్రికలో దీన్ని వివరించారు. ఎండిన చెరువులో ఒండ్రు నెర్రెలు వేయడం కూడా ఆరడంలో జరిగే సంగతే. తడి పోయేకొద్దీ మట్టి ముడుచుకోవాలని చూస్తుంది, అడుగు పొర ముడుచుకోనివ్వదు, దాంతో పైపొర పగులుతుంది.

మీ బిడ్డ చూసింది కూడా ఇలాంటిదే, రేణువుల సైజే వేరు. మిల్లీమీటరులో పది లక్షలో వంతు నానోమీటరు. ఐదో పదో నానోమీటర్ల సైజున్న బంగారు రేణువులు కలిసిన చుక్కను సిలికాన్ పలక మీద వేసి ఆరనిస్తారు. ఆరాక మిగిలేదే నానో పొర. నల్లగొండ రోడ్డు పక్కన బత్తాయిలు కుప్ప పోయడం చూసే ఉంటారు. కింద మూడు కాయల మధ్య గుంటలో పైకాయ కూర్చుంటుంది. రేణువులూ అలా వరుసగా సర్దుకున్నాయా, చిందరవందరగా పడ్డాయా అన్నదే ప్రశ్న. పొరలో కరెంటు ఎలా పారుతుంది, వెలుగు ఎలా పడుతుంది అన్నది చాలావరకు ఆ అమరిక మీదే ఆధారపడుతుంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఒక చిన్న చోటే కనిపిస్తుంది. అందుకే ఎక్స్‌రే కిరణాన్ని పలకను రాసుకుంటూ పోయేలా, డిగ్రీలో ఐదో వంతు వాలుతో పంపుతారు. మిల్లీమీటరులో పదో వంతు మందం కిరణం ఆ వాలులో దాదాపు మూడు సెంటీమీటర్ల పొడవున పరుచుకుంటుంది. కోట్ల రేణువుల నుంచి చెదిరిన కిరణాలు డిటెక్టర్ (కిరణాల్ని పట్టి బొమ్మగా చూపే పరికరం) మీద చుక్కలుగా, వలయాలుగా పడతాయి. రేణువుల మధ్య ఎడం పెరిగితే ఆ చుక్కలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఆ బొమ్మ చూసి పొర లోపలి కథ చెప్పాలి. నాకైతే ఇది ఎంతో అందమైన పని.

ఆరోగ్యం గురించి భయపడకండి. ల్యాబ్ మెషిన్‌లో కిరణం మూసిన పెట్టెలోనే ఉంటుంది. తలుపు తెరిస్తే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఇండోర్‌లోని ఇండస్-2 లాంటి పెద్ద సింక్రోట్రాన్‌లో (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి బలమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) కిరణం నడిచేటప్పుడు ఆ గదిలోకి ఎవర్నీ పోనివ్వరు. రేడియేషన్ సోకిందేమో కొలిచే బ్యాడ్జీ కూడా ఇస్తారు.

మీరు నిజంగా ఆలోచించాల్సింది ఓపిక గురించి. ఇండోర్‌కు దరఖాస్తు పెట్టుకుని, టైం దొరికాక రెండు మూడు రోజులు రాత్రీ పగలూ నమూనాలు మార్చాలి. వచ్చిన డేటా విప్పడానికి నెలలు పడుతుంది, అదంతా కంప్యూటర్ ముందే. ‘ల్యాబ్‌లో పైథాన్ వాడావా, ఆ పని నచ్చిందా?’ అని బిడ్డను అడగండి. పైథాన్ అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లు రాసే భాష. నచ్చలేదంటే ఈ దారి కష్టమే. నచ్చిందంటే ఆపకండి.

ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్ల కోసం ఫిబ్రవరిలో జరిగే ఐఐటీ జామ్ పరీక్ష రాయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, పాలమూరు, ఉస్మానియా యూనివర్సిటీలకు సీపీగెట్ అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. సీటు ఎంచుకునేటప్పుడు పేరు ఒక్కటే చూడొద్దు. అక్కడ ఎక్స్‌రే మెషిన్ ఉందా, ఎమ్మెస్సీ పిల్లల్ని దాన్ని ముట్టుకోనిస్తారా అని సీనియర్లను అడగండి.

డబ్బు సంగతి. ఎమ్మెస్సీ అయ్యాక సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ఇవి 2023 నుంచి అమల్లో ఉన్న రేట్లు. పీహెచ్‌డీ వద్దనుకున్నా ఎక్స్‌రే చేతిపని వృథా కాదు. మందు ఒకటే అయినా స్ఫటికం రకం మారితే అది కరిగే తీరు మారుతుంది. ఆ తేడా పట్టడానికి ముఖ్యంగా వాడేది ఎక్స్‌రే డిఫ్రాక్షన్, అంటే స్ఫటికం నుంచి ఎక్స్‌రేలు చెదిరే తీరు చూడడం. మీకు దగ్గర్లోనే, జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు ఉన్నాయి కదా.

బీఎడ్ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు. టీచింగే ఇష్టమైతే జూనియర్ లెక్చరర్ పోస్టుకు ఎలాగూ పీజీ కావాలి. చుట్టాలకు ఈ మాట చెప్పండి. ఈ ఆదివారం ఆ ప్రాజెక్టు రిపోర్టు తెరిచి, డిటెక్టర్ మీద పడ్డ బొమ్మ ఒకటి మీకు విడమరచి చెప్పమని బిడ్డను అడగండి.