అమెరికాలోని డెన్వర్‌లో యూదులు రెండు టీబీ ఆసుపత్రులు ఎందుకు పెట్టారు? ఒకటి సరిపోలేదా?

సరిపోలేదు. అప్పట్లో క్షయకి మందు లేదు, పొడి గాలి, ఎండ, మంచి తిండి, విశ్రాంతి, అంతే. అందుకే రోగులు డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రానికి వచ్చేవాళ్లు, డబ్బు లేనివాళ్లు డెన్వర్ వీధుల్లోనే కూలబడేవాళ్లు. సమాజ సేవకురాలు ఫ్రాన్సిస్ జేకబ్స్ పట్టుబట్టడంతో మొదలైన నేషనల్ జ్యూయిష్ హాస్పిటల్, భవనం పూర్తయ్యాక కూడా నిధుల్లేక ఏళ్ల తరబడి మూతపడి ఉండి, చివరికి 1899లో తెరుచుకుంది. ఏ మతం పేదలకైనా వైద్యం ఉచితం. కానీ మొదట్లో జబ్బు తొలి దశలో ఉన్నవాళ్లనే చేర్చుకునేవారు, యూదుల ఆచారం ప్రకారం వండే కోషర్ భోజనం కూడా ఉండేది కాదు. మరి ముదిరినవాళ్లు ఎక్కడికి పోవాలి? నన్ను బాగా కదిలించేది ఇక్కడే: తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన మామూలు యూదులు చిన్న చిన్న చందాలు పోగేసి 1904లో సొంత సంస్థ, అదే ఆ రెండో ఆసుపత్రి, పెట్టుకున్నారు, డాక్టర్ చార్లెస్ స్పివాక్ దాన్ని నడిపించారు, గుడారాల్లో మంచాలు వేసైనా సరే, ఏ దశలో ఉన్న రోగినైనా తీసుకున్నారు.