ఫిబ్రవరి తర్వాత జూన్

తమ్మీ,

మొన్న రాత్రి ఒంటిగంటకు నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున పాల ప్యాకెట్ తెచ్చుకొని వచ్చినంక చూసిన. "అన్నా మీకు టైమ్ ఎట్లా దొరుకుతది, జనవరిలో బ్లాగు మొదలుపెట్టిన, నాలుగు పోస్టులు రాసిన, తర్వాత ఆఫీసులో రిలీజ్ అని ఆగిన, ఇప్పుడు డ్రాఫ్టుల్లో పద్నాలుగు ఉన్నయ్, ఒక్కటీ పూర్తయితలేదు" అన్నవ్. ఫోన్లోనే జవాబిద్దామని టైప్ చేస్తుంటే పెద్దగైంది, అందుకే ఉత్తరం లెక్క రాస్తున్న, తీరిగ్గా చదువుకో.

ముందు ఒకటి చెప్త, కోపం తెచ్చుకోకు. నీకు టైమ్ లేదంటే నేను పూర్తిగా నమ్మను. పద్నాలుగు డ్రాఫ్టులంటే కనీసం పద్నాలుగు సార్లు కూర్చున్నవ్ అన్నట్టే గదా. కూర్చోనోడికి డ్రాఫ్టులెక్కడివి. నీది వేరే రోగం, అది నాకు బాగా తెలుసు, ఎందుకంటే నాకూ అదే ఉన్నది.

నేను 2007లో మొదలుపెట్టిన. ఇంట్లో కంప్యూటర్ లేదు, చిక్కడపల్లిలో ఒక నెట్ సెంటర్, గంటకు పదిహేను రూపాయలు. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే పక్కన తెలుగు పడేది, "ళ" రావాలంటే పెద్ద ఎల్ కొట్టాలె, అట్లా కొట్టింది కాపీ చేసి బ్లాగులో పెట్టుకునుడు, మధ్యలో కరెంటు పోతే గంట కష్టం గంగలో. పబ్లిష్ నొక్కినంక కూడలి, అంటే తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒక్కచోట చూపించే సైటు, ఓపెన్ చేసి మన పోస్టు పేరు వచ్చిందా లేదా అని చూసుకునేటోళ్లం, వచ్చిందంటే ఆ రోజు అన్నం ఎక్కువ తిన్నట్టు. మీటర్ తిరుగుతుంటది కాబట్టి ఇంట్లోనే పాత ఆఫీసు కాగితాల వెనక రాసుకొని పోయేటోడిని, అక్కడ టైప్ చేసుడే. ఆ పదిహేను రూపాయల భయంతోటి రాసినన్ని పోస్టులు తర్వాత ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నంక రాయలే. ఫ్రీగా దొరికిన టైమ్ తోటి నేను ఎన్నడూ ఏమీ రాయలేదు తమ్మీ, సంక్రాంతి సెలవులు, దసరా సెలవులు, కరోనా లాక్‌డౌన్ మొత్తం, ఏవీ పనికి రాలే.

ఇప్పుడు అసలు రోగం సంగతి.

2008 సెప్టెంబర్లో మూసీ వరదకు వందేండ్లు నిండినయ్. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరద, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఉన్నది గదా, దాని మీదికెక్కి నూట యాభై మంది దాకా బతికిన్రని అంటరు, ఆ వరద తర్వాతనే విశ్వేశ్వరయ్యను పిలిపించిన్రు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులు కట్టిన్రు. దీని మీద ఐదు భాగాలు రాస్తా అని నా బ్లాగులో గొప్పగా చెప్పుకున్న. మొదటి భాగం బాగనే వచ్చింది. కింద "ఇంకా ఉంది" అని పెట్టిన. రెండో దాని కోసం పుస్తకాలు తెచ్చుకున్న, అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి పోయి నోట్స్ రాసుకున్న, ఇంకో పుస్తకం చదివినంక రాస్త, అటువైపు పోయి ఆ చెట్టు ఇంకోసారి చూసొచ్చినంక రాస్త అనుకుంట అనుకుంట మూడు నెలలైనయ్. మూడు నెలలు ఆగినంక మామూలు పోస్టు పెడితే ఎట్లుంటది, ఇన్ని రోజులు ఆగింది ఇందుకా అనుకోరా జనం, అందుకని ఇంకా పెద్దగా, ఇంకా బాగా రాయాలె. పెద్దగా రాయాలంటే ఇంకా టైమ్ కావాలె. టైమ్ అయిన కొద్దీ ఇంకా పెద్దగా రాయాలె. ఆ "ఇంకా ఉంది" ఇంకా ఉంది తమ్మీ, కావాలంటే పోయి చూడు.

లైబ్రరీ పుస్తకం ఫైన్ లెక్క ఇది. నాలుగు రోజులు లేటైతది, ఫైన్ అడుగుతరని పోము, పోనికొద్దీ ఫైన్ పెరుగుతది, పెరిగినకొద్దీ అసలే పోము, ఆఖరికి ఆ గల్లీలోంచి నడుసుడే బంద్ చేస్తం. నేను నిజంగనే ఒక పుస్తకానికి ఇట్లా రెండేండ్లు చేసిన, చివరికి పోతే కౌంటర్ దగ్గరున్న పెద్దాయన తారీఖు కూడా చూడకుండ తీసుకొని అల్మారాలో పెట్టిండు.

మొన్న నా పాత పోస్టులన్నీ ఒకసారి తిరగేసిన, నువ్వు అడిగినవ్ అని. పదకొండు పోస్టులు "చాలా రోజులైంది రాసి, క్షమించాలి, ఇక నుంచి రెగ్యులర్‌గా రాస్తాను" తోటి మొదలైతున్నయ్. పదకొండు! వాటిల్లో మూడింట్ల ఆ క్షమించాలి తప్ప ఇంకేమీ లేదు. సారీ చెప్పుడుకు టైమ్ దొరికింది చూడు. పైగా ఆ రెగ్యులర్‌గా రాస్తా అన్న మాట అప్పు లెక్క నెత్తి మీద కూర్చుంటది, తర్వాతి గ్యాప్ వచ్చినప్పుడు సిగ్గు డబుల్.

ఇప్పుడు నీకు ఒక లెక్కల పుస్తకం గురించి చెప్త. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పోస్తరు గదా, చాలా ఏండ్ల కింద అక్కడ ఇరవై రూపాయలకు ఒక పాత డైరీ కొన్న, 1974ది. ఎవరో ఇల్లాలు ఇంటి ఖర్చులు రాసుకున్న డైరీ, పేరు లేదు, ఊరు మాత్రం హైదరాబాదే, అప్పటి సిటీ బస్సు, సుల్తాన్ బజార్ ల జాకెట్టు గుడ్డ, ఇట్లాంటివి ఉన్నయ్. పాలు ఇంత, కిరసనాయిలు ఇంత, అక్కడక్కడ ఖర్చు పక్కన ఒక ముక్క. "వంకాయలు, పుచ్చువి." "చిన్నాడికి మందులు, జ్వరం తగ్గలేదు." "రిక్షా, ఆయన నడుద్దామన్నరు, నేనే వద్దన్న." నేను చదివిన చాలా కథల్లో కూడా అంత మంచి వాక్యం కనబడలే. ఈ డైరీలో ఫిబ్రవరి 19 దాకా రోజూ ఉన్నది. ఆ తర్వాత ఖాళీ. మార్చి ఖాళీ, ఏప్రిల్ ఖాళీ, మే ఖాళీ. జూన్ 3న మళ్ళ మొదలు. ఏమని మొదలైందనుకుంటున్నవ్? "పాలు, అల్లం, సబ్బు రెండు." అంతే. ఎందుకు ఆగిందో ఒక్క ముక్క లేదు, ఎవరికీ సంజాయిషీ లేదు. చిన్నాడికేమైందో అని నేను భయపడ్డ గానీ జూన్ నెలాఖరుల "చిన్నాడికి పలక" అని ఉంది, ఊపిరి పీల్చుకున్న.

ఆమె లాగ మళ్ళీ మొదలుపెట్టుడు నేర్చుకున్నంకనే నేను నిజంగా రాస్తున్న. ఇప్పుడు నాకు రెండు నెలల గ్యాప్ వస్తది, నాలుగు నెలలు కూడా వస్తది, పోయినేడు మీ వదిన ఆపరేషన్ అప్పుడు ఏడు నెలలు వచ్చింది. తిరిగొచ్చినప్పుడు పాలు, అల్లం, సబ్బు. చదివేటోళ్లు ఎవరూ అడగలేదు, నిజం చెప్పాలంటే సగం మంది గమనించనేలేదు.

రోజూ రాయాలె, రోజూ రాస్తేనే రచయిత అని నీకు చాలా మంది చెప్తరు. 2011లో నేనూ వంద రోజులు వంద పోస్టులు అని పెట్టుకున్న. ఇరవై మూడు రోజులు నడిచింది, అందులో చివరి ఆరు చదవబుద్ధి కాదు, ఇరవై నాలుగో రోజు ఒకటి తప్పింది, ఇంకేముంది ఎనిమిది నెలలు బ్లాగు ముఖం చూడలే. నీలాంటి షిఫ్టు ఉన్నోడికి అది అసలే వద్దు. వారానికి ఒక చోటు పెట్టుకో, రోజు కాదు, టైమ్ కూడా కాదు, చోటు. నువ్వు నాగోల్‌లో మెట్రో ఎక్కుతవ్, మొదటి స్టేషన్, సీటు గ్యారంటీ. రాయదుర్గం దాకా గంట జర్నీ ఉంది గదా మొత్తం రాస్త అనుకోకు, మొత్తం అనుకున్నోడు రీల్స్ చూసుకుంట పోతడు. నాగోల్ నుంచి తార్నాక దాకా రాయి, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక, ఐదు స్టేషన్లే. తార్నాక రాంగనే ఫోన్ జేబులో పెట్టి కిటికీ బయటికి చూడు. వాక్యం మధ్యలో ఉన్నా సరే ఆపెయ్, ఇంకా మంచిది, అది రోజంతా లోపల గెలుకుతుంటది.

నోట్స్ గురించి ఒకటి, ఇది చిన్నదే కానీ నాకు చాలా ఖరీదైన పాఠం. నేను ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో లింగంపల్లి నుంచి నాంపల్లి పోయే రోజుల్లో చొక్కా జేబులో చిన్న బుక్కు ఉండేది, ఐడియా రాంగనే రాసుకునేటోడిని. ఇప్పుడు తీసి చూస్తే "ఆటో, నాయిన, వాన" అని ఉన్నది. ఏ ఆటో? ఏం వాన? చచ్చినా గుర్తు రాదు. మూడు మాటలు రాసుకుంటే ఏం మిగలదు, ఎంత చిన్నదైనా క్రియతోటి సహా పూర్తి వాక్యం రాసుకో. "నాయిన తడుసుకుంట ఆటో బేరమాడిండు" అని రాసుకొని ఉంటే ఇయ్యాల నా దగ్గర ఒక పోస్టు ఉండేది. మాట్లాడి టైప్ చేయించుకునే సౌకర్యం ఇప్పుడు ఫోన్లల్లో ఉంది, తెలుగు బాగనే వస్తున్నది, నడుసుకుంట వాడుకో, మెట్రోలో మాత్రం వాడకు, పక్కోళ్లు భయపడుతరు.

సైజు సంగతి కూడా ఇందులోదే. మూసీ వరద అట్లనే పడి ఉన్నది గానీ, నన్ను కలిసినోళ్లు ఇప్పటికీ అడిగేది ఒక తొమ్మిది లైన్ల పోస్టు గురించి. 2017 నవంబర్ ఆఖరుల మెట్రో మొదలైంది గదా, ఆ వారమే నాయినను తీసుకపోయిన, ఎస్కలేటర్ దగ్గరికి రాంగనే ఆయన ఆగి చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నడు, గుడి మెట్లెక్కినట్టు ఎక్కిండు. ప్లాట్‌ఫామ్ మీద నిలబడే టైప్ చేసి పెట్టిన. పది నిమిషాలు.

ఇంట్లోళ్ల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధమైతది. నా బిడ్డ నాలుగో పుట్టినరోజు మీద నేనొక పోస్టు రాసిన, చాలా మంది మెచ్చుకున్నరు, కండ్ల నీళ్లొచ్చినయ్ అన్నరు. ఆ పుట్టినరోజు సాయంత్రం కేక్ కోసేటప్పుడు నేను లోపలి రూములో ఆ పోస్టు రాస్తున్న. ఫోటోల్లో నేను లేను. మీ వదిన ఇప్పటికీ ఏమీ అనదు, అదే బాధ. నీకింకా పెండ్లి కాలేదు కాబట్టి ఇప్పుడే చెప్తున్న, టైమ్ నిద్రలోంచి తీసుకో, టీవీలోంచి తీసుకో, క్రికెట్‌లోంచి తీసుకో, మనుషుల్లోంచి తీసుకోకు. నేను ఇప్పుడు శనివారం పొద్దున ఐదింటికి లేస్త, ఏడుకు బంద్. ఏడు తర్వాత ఎంత మంచి వాక్యం వచ్చినా నాది కాదు అనుకుంట. కొన్నిసార్లు అనుకోలేను, అది వేరే విషయం.

ఎంత మంది చదివిన్రని రోజూ లెక్క చూసుకుంటున్నవట, పదిహేడు మంది అని బాధపడ్డవ్. ఏనుగుల వీరాస్వామి పేరు వినే ఉంటవ్, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి చెప్పేటోడు. 1830 మేలో కాశీకి బయలుదేరిండు, మన హైదరాబాద్ మీదుగనే, తిరిగి ఇంటికి చేరే సరికి 1831 సెప్టెంబర్. పదిహేను నెలల పైన దారి పొడుగునా రాసుకుంటనే పోయిండు, ఏ ఊర్లో దిగినం, అంగళ్లు ఉన్నయా, నీళ్లు బాగున్నయా, వాగు దాటుడు ఎట్లా. ఎవరి కోసం? కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె అనే ఒక్క స్నేహితుడు రాసి పంపమన్నడు కాబట్టి. అచ్చయింది 1838లో, అప్పటికే ఈయన పోయి రెండేండ్లు. పదిహేడు మంది అంటే మస్తు మంది తమ్మీ. కానీ పదిహేడు మంది కోసం రాయలేవు, ఒక్కరిని పెట్టుకో, వాళ్లు అడిగినట్టు రాయి. నాకు చాలా కాలం ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ సారు ఉండెటోడు, పోస్టు రాకపోతే ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసి "ఒంట్లో బాగుందా" అనేటోడు, పోస్టు గురించి ఒక్క మాట అడిగేటోడు కాదు.

ఎక్కడ రాయాలె, ఏ సైటు, సొంత డొమైన్ కొనాల్నా అని కూడా అడిగినవ్. ఎక్కడైనా రాయి, కాపీ నీ దగ్గర పెట్టుకో. 2009లో సొంత పేజీలు పెట్టుకునే జియోసిటీస్ పోయింది, 2013 జూలైలో బ్లాగులు చదువుకునే గూగుల్ రీడర్ పోయింది, 2019లో గూగుల్ ప్లస్ పోయింది, మావోళ్లు కొందరు మంచి మంచివి ప్లస్‌లోనే రాసుకొని మొత్తం పోగొట్టుకున్నరు. డొమైన్ కొంటే ఏడాదేడాది డబ్బు కట్టుడు మర్చిపోకు. డిజైన్ మార్చుడు, కొత్త థీమ్ పెట్టుడు, ఇవన్నీ రాయకుండ ఉండుడుకు సాకులు, నేను నాలుగు సార్లు మార్చిన కాబట్టి చెప్తున్న.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో డ్రాఫ్టుల పేర్లు చూసిన. "హైదరాబాద్ ఐటీ జీవితం, ఒక విశ్లేషణ, భాగం 1" అని ఒకటున్నది, అది తీసెయ్, భాగం 1 అని ఉన్నదేదైనా తీసెయ్. పదకొండోది "అమ్మ మిక్సీ" అని ఉంది, కింద మూడు లైన్లు కనబడ్డయ్, కొత్త మిక్సీ కొనిచ్చినంక కూడా అమ్మ పాతదాన్ని గుడ్డ కప్పి పైన పెట్టిందని. అది అయిపోయింది తమ్మీ, దానికి ఇంకేమీ కలపకు, ముందు ముచ్చట, వెనక ముచ్చట ఏమొద్దు, జనవరి నుంచి ఎందుకు రాయలేదో అసలే వద్దు.

ఈ ఆదివారం పది గంటలకు ఆబిడ్స్ వస్తున్న, జీపీఓ ముందర ఉంట. ఎండ ఎక్కకముందే రా, చాయ్ తాగుదాం. ఆ లెక్కల డైరీ పట్టుకొస్త, జూన్ 3 పేజీ చూద్దువు. వచ్చేలోపల మిక్సీది పెట్టెయ్, నాగోల్‌లో ఎక్కినంక.

ఉంట,
అన్న